సన్మాన పత్రంలో ‘అణకువ’ రాయొచ్చా?

ప్రశ్న: పదవీ విరమణ చేస్తున్న మా ప్రధానోపాధ్యాయుడి సన్మాన పత్రంలో ‘అణకువ గల మహనీయులు’ అని రాశాం. ప్రెస్సుకు ఇచ్చేముందు ఒక పెద్దాయన ఆ మాట తీసేయమన్నారు. వినయం, అణకువ ఒకటే కదా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తీసేయండి. అణకువ ‘అణగు’ నుంచి వచ్చింది. అణచు, అణచివేత దాని చుట్టాలే. కాబట్టి ఆ మాట వాడినప్పుడల్లా పైన ఇంకొకరు ఉన్నారనే భావం వెంట వస్తుంది. శిష్యుడు గురువు దగ్గర అణకువగా ఉంటాడు. గురువుకే ఆ మాట అంటగడితే ఆయన్ని కిందికి దించినట్టే. పెళ్లి ప్రకటనలు చూడండి. ‘అణకువ గల వధువు’ కావాలంటారు గానీ వరుడి దగ్గర ఆ మాట దాదాపు కనబడదు.

వినయం సంగతి వేరు. సంస్కృతంలో ‘నీ’ ధాతువుకు నడిపించడమని అర్థం. వినయమంటే మొదట శిక్షణ, క్రమశిక్షణ. బౌద్ధ భిక్షువుల నియమాలున్న భాగానికి వినయ పిటకం అని పేరు వచ్చింది ఆ అర్థంలోనే. అమరావతి పక్కన ఉండి మనం ఇది మరచిపోకూడదు. చదువుతో, సాధనతో అబ్బే గుణం కనుక పిల్లలకూ చెల్లుతుంది, పెద్దలకూ చెల్లుతుంది.

మీకు ఇంకో రెండు మాటలు పనికొస్తాయి. గర్వపడదగ్గది ఉండి కూడా గర్వం లేనివాడు నిగర్వి. అందుకని ఆయన సాధించిందేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఆ మాటకు బలం ఉండదు. నిరాడంబరత బట్టకూ ఇంటికీ ఖర్చుకూ సంబంధించింది, మనసుకు కాదు. నూలు చొక్కా వేసుకుని సైకిలు మీద తిరిగే మహా గర్విష్ఠులూ ఉంటారు! ‘వినయశీలి, నిగర్వి, నిరాడంబరుడు, వినమ్రుడు’ అంటూ గుదిగుచ్చితే ఏదీ చెవికెక్కదు. రెండు చాలు. ‘జిల్లా మెచ్చిన ఫలితాలు సాధించినా నిగర్విగానే ఉన్నారు, అటెండరునైనా గారు అనే పిలిచిన వినయశీలి’ అన్నట్టు రాయండి.

ప్రశ్న: ఆహ్వాన పత్రికల్లో ‘వినయతతో’, ‘వినమ్రపూర్వకంగా’, ‘సవినయపూర్వకంగా’ అని వేస్తున్నారు. ఏది ఒప్పు? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మూడూ తప్పే. వినయం నామవాచకమే, దానికి మళ్లీ ‘త’ అక్కర్లేదు. వినమ్ర విశేషణం కాబట్టి ‘త’ చేరాల్సింది అక్కడ: వినమ్రతాపూర్వకంగా. మూడోదానిలో ‘స’, ‘పూర్వక’ రెండూ చేసే పని ఒకటే. సవినయంగా అనండి, లేదా వినయపూర్వకంగా అనండి. నమ్రతలో ఉన్నది వంగడమనే అర్థమున్న ‘నమ్’ ధాతువు. నమస్కారం, కలెక్టరేటులో ఇచ్చే వినతిపత్రంలోని వినతి ఆ ధాతువు నుంచి వచ్చినవే. చేతులు జోడించే సందర్భానికి వినమ్రత, మనిషి స్వభావానికి వినయం బాగా అమరుతాయి.

ప్రశ్న: జవాబు తెలిసినా మా అబ్బాయి క్లాసులో లేచి చెప్పడట. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం ‘వినయవంతుడు’ అని రాశారు. (పటమట, విజయవాడ)

జవాబు: అది బిడియం. వినయం ఉన్న పిల్లాడు లేచి జవాబు చెబుతాడు, తప్పని దిద్దితే వింటాడు. బిడియస్తుడు అసలు లేవడు. మొహమాటం మళ్లీ వేరు: బాగా తెలిసినవాళ్లకు కూడా కాదని చెప్పలేకపోవడం. కడుపు నిండాక కూడా వద్దనలేక ఇంకో గారె వేయించుకునేవాడిది మొహమాటం. టీచరుగారితో మాట్లాడండి. ‘బిడియం ఎక్కువ’ అని రాస్తే ఇంట్లో ఏం చేయాలో ఆలోచిస్తారు; ‘వినయవంతుడు’ అని రాస్తే మురిసిపోయి ఊరుకుంటారు.

ప్రశ్న: అవినీతి నీతికి వ్యతిరేక పదమేనా? (తెనాలి)

జవాబు: నీతికి వ్యతిరేకం అనీతి. అవినీతిలో ఉన్నది ‘వినీతి’, వినయం పుట్టిన ధాతువు నుంచే వచ్చింది. పాత వాడుకలో అవినీతుడంటే వినయం లేనివాడు. లంచం అర్థం తర్వాత వచ్చి చేరింది.