దిగాక ఒక రోజు ఖాళీ ఉంచుకో

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. సెప్టెంబరులో బ్యాగు తగిలించుకుని ఒక్కడినే ఉత్తరాఖండ్ పూల లోయకు, హేమకుండ్ గురుద్వారాకు వెళ్తున్నాను. చివరి రోజు పొద్దున కొండ మీది బస ఊరు ఘంగ్రియా నుంచి దిగి, రాత్రికి రిషికేశ్ చేరి, మర్నాడు సాయంత్రం ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేలా టికెట్ తీసుకున్నాను. ఎక్కడానికి బాగానే ప్రాక్టీస్ చేస్తున్నాను. దిగడమే కదా అని చివరి రోజు గురించి టెన్షన్ పడటం లేదు. ఇంకేమైనా చూసుకోవాలా? అన్నట్టు, తిరిగొచ్చాక మన నల్లమలలో కూడా ఇట్లాగే ఒంటరిగా నడవాలని ఉంది.

జవాబు: టెన్షన్ పడాల్సింది ఆ ఒక్క రోజు గురించే, తమ్ముడూ!

హేమకుండ్ 4,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అందరి భయమూ దాని మీదే. కానీ చివరి రోజు దిగుడు చూడు: ఘంగ్రియా దాదాపు 3,050 మీటర్లు, కింద బస్సు రోడ్డు మీదున్న గోవింద్‌ఘాట్ దాదాపు 1,800. అంటే మన భువనగిరి ఖిలా గుట్టను ఒకే పూట ఎనిమిది సార్లు దిగినంత. దారి మధ్యలో పుల్నా అనే ఊరి దగ్గర జీపు ఎక్కితే కొంత తగ్గుతుంది, అంతే.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగుతాం. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఉంటుంది, అందుకే కాళ్లు అరిగిపోతున్నది తెలియదు. తొడ ముందు భాగంలోని కండరం సాగుతూనే ఒంటి బరువును, బ్యాగు బరువును ఆపుతూ ఉండాలి. ఆ పనికి దాని పోగుల్లో సన్నటి చీలికలు వస్తాయి. నొప్పి మాత్రం వెంటనే రాదు. మర్నాడు, ఆ మర్నాడు పట్టుకుంటుంది. రైల్లో అప్పర్ బెర్తు తీసుకుని ఉంటే అప్పుడు నాకు ఉత్తరం రాస్తావు.

మందు మీ ఊళ్లోనే ఉంది. దేవరకొండ ఖిలా ఎక్కి, బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని మెల్లగా దిగు. ఎక్కడం కాదు, దిగడమే లెక్క. నాలుగైదు వారాలు చేస్తే కండరం అలవాటు పడుతుంది. ప్రయాణానికి ముందు వారం మానెయ్. బయల్దేరే రెండు రోజుల ముందు కాలి గోళ్లు కత్తిరించుకో. దిగుడులో వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. చివరి రోజు పొద్దున మడమను బూటు వెనక్కి తట్టి, చీలమండ దగ్గర లేసు గట్టిగా బిగించు. ఊతకర్ర ఉంటే కాస్త పొడుగు చేసి పట్టుకో. నొప్పి మాత్ర మింగి పరుగున దిగే వీరుల్ని చూశాను, వాళ్లను చూసి నేర్చుకోకు.

ఇంకొకటి, కంచరగాడిదలు. గ్యాస్ సిలిండర్లు, సామాన్ల మూటలు వేసుకుని వరసగా వస్తాయి. గంటల చప్పుడు వినగానే కొండ వైపుకి ఒరిగి నిలబడు, లోయ వైపు కాదు. ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి ఫొటో తీస్తూ అంచున నిలబడితే మూట తగిలి అతని బ్యాగు గిర్రున తిరిగింది. వెనకాలే ఉన్న పెద్దాయన పట్టీ పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. నీతో ఎవరూ ఉండరు కదా!

ఇక ఆ టికెట్. గోవింద్‌ఘాట్ నుంచి రిషికేశ్‌కు దాదాపు 270 కిలోమీటర్లు, ఘాటు రోడ్డు. వానల చివర్లో ఎక్కడ కొండచరియ జారి పడుతుందో, ఎన్ని గంటలు ఆపుతారో ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం దిగి రాత్రికి రిషికేశ్ అంటే కాగితం మీద కుదిరే మాట. ఆ రాత్రి దారిలోనే ఉన్న జోషీమఠ్‌లో పడుకుని తెల్లవారుజామున బస్సెక్కు. తరువాత ఒక రోజు పూర్తిగా ఖాళీ వదిలి రైలు పెట్టుకో. ఇప్పుడే క్యాన్సిల్ చేస్తే పోయేది కొద్ది డబ్బే. ఇంట్లో కూడా "రాత్రికి ఫోన్ చేస్తా" అనకు, "మర్నాడు మధ్యాహ్నంలోపు చేస్తా" అను. సిగ్నల్ లేక నువ్వు చెయ్యలేకపోతే అమ్మ అన్నం ముందు కూర్చుని తినదు.

నల్లమల సంగతి వేరు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, ఒంటరిగా గుడారం వేసుకుని తిరగనివ్వరు, తిరగకూడదు కూడా. ఫర్హాబాద్ దగ్గర అటవీ శాఖ సఫారీ ఉంది. అడవి లోపలి సలేశ్వరం గుడికి చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో వదులుతారు. జనం మధ్య నడవాల్సి వస్తుంది, ఒంటరితనం దొరకదు. మల్లెల తీర్థం అయితే పగటి పూట మెట్లు దిగి జలపాతం చూసి రావచ్చు. అక్కడ మాత్రం ముందు దిగుడు, తరువాతే ఎక్కుడు.