మన ఎండకు, దుమ్ముకు చిన్న కంప్యూటర్ క్యాబినెట్: మొదట పక్క ప్యానెల్ ఊడదీసి చూడండి

మహబూబ్‌నగర్‌లో బల్ల మీద పెట్టుకోవడానికి చిన్న కంప్యూటర్ క్యాబినెట్ కొనాలనుకుంటున్నానని రాశారు. ఫొటోల్లో అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి కాబట్టి బయటి తయారీ నాణ్యతను ఎలా గుర్తించాలో, గాజు ప్యానెల్ ఉన్నది తీసుకోవచ్చో లేదో అడిగారు. నేను మిర్యాలగూడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాల రోజుల్లో ఎల్‌ఈడీ తెరకు లైవ్ ఇవ్వడానికి అదే కంప్యూటర్‌ను ఫంక్షన్ హాళ్లకు మోసుకెళ్తాను. చిన్న క్యాబినెట్ నాకు ముచ్చట కాదు, అవసరం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రంగు, లైట్లు, గాజు అన్నీ తరువాత. పక్క ప్యానెల్ చేతికి ఎలా ఊడి వస్తుంది, తిరిగి ఎలా కూర్చుంటుంది అన్నది మొదట చూడండి. మన ప్రాంతంలో చిన్న క్యాబినెట్‌ను మాటిమాటికీ తెరవక తప్పదు. మా ఊళ్లో రైస్ మిల్లుల ఊక దుమ్ము గాలిలోనే ఉంటుంది. ఊకలో సిలికా ఎక్కువ, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. మీ వైపు ఎర్ర చెల్క దుమ్ము. క్యాబినెట్ల సైజును లీటర్లలో చెబుతారు. నలభై యాభై లీటర్ల పెద్ద క్యాబినెట్‌లో ఆ దుమ్ము అడుగున ఓ మూల పేరుకుని ఊరుకుంటుంది. పదిహేను లీటర్ల దానిలో ఫ్యాన్లు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ రెక్కలు ప్యానెల్‌కు ఆనుకున్నట్టే ఉంటాయి. దుమ్మును ఆపే ఫిల్టర్ మూసుకుపోతే లోపలి వేడికి దారి ఉండదు. తెరవడం పెద్ద తతంగమైతే శుభ్రం చేయడం ‘వచ్చే వారం’ అవుతుంది, అది మళ్లీ వచ్చే వారం అవుతుంది.

ప్యానెల్ బిగింపులో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో ఫ్రేముకు చిన్న గుండు తల ఉన్న పిన్నులుంటాయి, ప్యానెల్‌కు ఉన్న క్లిప్పులు వాటిని పట్టుకుంటాయి. లాగితే వస్తుంది, నొక్కితే కూర్చుంటుంది, స్క్రూడ్రైవర్ అక్కరలేదు. రెండోది పాత పద్ధతి. వెనకాల స్క్రూలు తీసి, ప్యానెల్‌ను వెనక్కి జరిపి తీయాలి. తరచు తెరిచేవారికి మొదటిదే హాయి. కానీ ఆ క్లిప్పులు ప్లాస్టిక్‌వైతే వాడకంలో వదులవుతాయి. దుకాణంలో ప్యానెల్‌ను నాలుగైదు సార్లు తీసి పెట్టండి. నాలుగు మూలలూ ఒకేలా టక్కున పట్టుకోవాలి. ఒక మూల నొక్కుతుంటే ఎదురు మూల పైకి లేస్తోందంటే ఫ్రేమే మెలి తిరిగి ఉందన్నమాట, దాన్ని వదిలేయండి. తరువాత ప్యానెల్‌కూ ఫ్రేముకూ మధ్య సందును పై నుంచి కింది వరకు కంటితో పట్టి చూడండి. ఆ సందు పొడవునా ఒకే వెడల్పులో ఉంటే రేకును కొలతగా వంచి చేశారని అర్థం.

ఇక రేకు. చవక వాటిలో అర మిల్లీమీటరు రేకు వాడతారు, మంచివాటిలో 0.8 నుంచి 1 మిల్లీమీటరు వరకు ఉంటుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ వంగకుండా నిలిచే శక్తి మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. 0.5 కన్నా 0.8 మిల్లీమీటర్ల రేకు సుమారు నాలుగు రెట్లు గట్టిదన్నమాట. ప్యానెల్ మధ్యలో బొటనవేలితో నొక్కండి. డబ్బుమని లోపలికి పోయి, వదలగానే మళ్లీ డబ్బుమని బయటికొస్తే అది పల్చటి రేకు. అలాంటిది ఫ్యాన్ తిరుగుతుంటే సన్నగా అదురుతుంది, రాత్రి నిశ్శబ్దంలో ఆ జుయ్యిమనే చప్పుడు చాలా విసుగు. గాలి కోసం వేసిన రంధ్రాలు రేకును ఇంకా బలహీనపరుస్తాయి. మంచి తయారీదారులు అంచులను లోపలికి మడిచి ఆ బలాన్ని తిరిగి రాబడతారు. అందుకే ప్యానెల్ తీయగానే నేను లోపలి అంచు మీద వేలు మెల్లగా నడుపుతాను. మడత ఉంటే నున్నగా తగులుతుంది. కోసి వదిలేసిన అంచు బ్లేడులా ఉంటుంది. వేళ్లు పట్టని ఇరుకులో వైర్లు సర్దేటప్పుడు అది చేతిని చీరేస్తుంది.

పెయింట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉక్కు క్యాబినెట్ల మీద ఉండేది సాధారణంగా పౌడర్ కోటింగ్. పొడి రంగుకు విద్యుదావేశం ఇచ్చి రేకు మీద చల్లి, సుమారు 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. చదును చోట బాగా పడుతుంది. లోతైన మూలల్లోకి ఆ పొడి సరిగా చేరదు, పని నాణ్యత తెలిసేది అక్కడే. ఫోను టార్చి వేసి లోపలి మూలలు, రంధ్రాల అంచులు, స్క్రూ పట్టే చోట్లు చూడండి. మెరిసే రేకు కనిపిస్తే కొన్నాళ్లకు అక్కడ తుప్పు మొదలవుతుంది. మనకు తుప్పు ఎక్కడిదని అనుకోకండి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు గడ్డి మ్యాట్ల ఎయిర్ కూలర్ వేసుకుంటాం కదా, ఆ తేమ గాలి కంప్యూటర్ మీదికి కొడితే ఫిల్టర్ మీది దుమ్ము ముద్దవుతుంది, గీతపడిన చోటల్లా రేకు ఎర్రబారుతుంది. కూలర్‌కు ఎదురుగా క్యాబినెట్ పెట్టకండి. అల్యూమినియం వాటికి ఎర్ర తుప్పు భయం లేదు. వాటికి చేసే ఆనోడైజింగ్‌లో, అంటే విద్యుత్తుతో పైపొర ఏర్పరిచే పద్ధతిలో, ఆ పొర ఆ లోహం నుంచే పుడుతుంది కాబట్టి పెచ్చులూడదు. కాకపోతే లోతుగా గీత పడితే తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది, పైన రంగు పూసి దాచలేం. ధర కూడా బాగా ఎక్కువ.

గాజు గురించి నా సలహా సూటిగా చెబుతాను: చిన్న క్యాబినెట్‌కు వద్దు. ఈ ప్యానెళ్లకు వాడే టెంపర్డ్ గ్లాస్‌కు (వేడి చేసి గట్టిపరిచిన గాజు) మధ్యలో బలం, అంచుల్లో బలహీనత. శుభ్రం చేయడానికి తీసి గోడకు ఆనించినప్పుడు దాని అంచు గచ్చు మీది సిరామిక్ టైలుకు కొద్దిగా తగిలినా చాలు, మొత్తం పలక జల్లున రాలిపోవచ్చు. టైలు గాజు కన్నా గట్టిది మరి. పైగా గాజు ఉన్న వైపు నుంచి గాలి రాదు. పెద్ద క్యాబినెట్‌లో ముందు నుంచి గాలి తీసుకుని సర్దుకోవచ్చు. చిన్నదానిలో పక్కలే ఊపిరి పీల్చే ప్రధాన దారి, వాటిలో ఒకటి మూసేసుకుంటే మన వేసవిలో గ్రాఫిక్స్ కార్డు వేడి దిగదు. రంధ్రాల రేకు ప్యానెల్ కూడా చక్కగా కుట్టినట్టు వరుసలో ఉంటే చూడముచ్చటగానే ఉంటుంది. నాకైతే గాజు కన్నా అదే అందం.

సైజు విషయంలో మరీ చిన్నదానికి ఆశపడకండి. మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చదరం, వియా కంపెనీ 2001లో తెచ్చిన కొలత అది. ఈ చిన్న క్యాబినెట్లు చాలావరకు ఆ చదరం చుట్టూ కట్టినవే. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 18.25 లీటర్లు. ముందు వైపు వాల్‌నట్ చెక్క పట్టీ ఉండే ఫ్రాక్టల్ టెర్రా 10.4 లీటర్లు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. అయినా ఏసీ లేని గదికి 15 నుంచి 20 లీటర్ల మధ్యది తీసుకోమంటాను. అదనపు నాలుగైదు లీటర్లు బల్ల మీద పెద్ద తేడా కాదు, లోపల చేయి పెట్టడానికి మాత్రం చాలా తేడా. పవర్ సప్లై కూడా చూసుకోండి. చాలా చిన్న క్యాబినెట్లకు ఎస్‌ఎఫ్ఎక్స్ రకం కావాలి, అంటే 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 లోతు, 63.5 ఎత్తు. జిల్లా కేంద్రాల దుకాణాల్లో దొరికేది ఎక్కువగా 150 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు ఏటీఎక్స్. సీజన్ మధ్యలో అది కాలిపోతే హైదరాబాద్ నుంచి వచ్చేదాకా పని ఆగిపోతుంది. అదే పరిమాణంలో ఏటీఎక్స్ పట్టే నమూనాలూ ఉన్నాయి, వాటిని ఒకసారి పరిశీలించండి.

రంగుకు నియమమేమీ లేదు. ఊక దుమ్ము నలుపు మీద, ఎర్ర మట్టి తెలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బూడిద రంగు రెంటికీ ఓర్చుకుంటుంది. యూఎస్‌బీ పోర్టులు ప్లాస్టిక్ ముఖానికి కాకుండా లోపలి ఉక్కు ఫ్రేముకు బిగించి ఉన్నాయో లేదో పెన్‌డ్రైవ్ పెట్టి తీసి చూడండి. పోర్టు లోపలికి కదలకూడదు. అడుగు రబ్బరు కాళ్లు జిగురుతో అంటించినవైతే మన ఎండకు ఊడిపోతాయి, స్క్రూతో బిగించినవే నయం. చాలా నమూనాలు కింది నుంచి కూడా గాలి పీలుస్తాయి కాబట్టి ఆ కాళ్లు కాస్త ఎత్తుగా కూడా ఉండాలి. ఎక్కడికైనా మోసుకెళ్లేటప్పుడు క్లిప్పులతో ఆగే పై ప్యానెల్‌ను పట్టుకుని మాత్రం ఎత్తకండి. ప్యానెల్ చేతిలో మిగులుతుంది, క్యాబినెట్ నేల మీద ఉంటుంది. రెండు చేతులూ అడుగున వేసి ఎత్తాలి.

వీలైతే ఆన్‌లైన్‌లో తెప్పించకుండా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి. మహబూబ్‌నగర్ నుంచి ఒక్కరోజు పని. పెట్టె తెరిచి చూపించమని అడగండి, ఇలాంటి వస్తువును చేత్తో పట్టుకుని చూడటానికి మొహమాటపడనవసరం లేదు. ఆన్‌లైన్‌లోనే కొంటే పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, మూలలు సొట్టపడి రావడం ఈ సరుకులో మామూలే.

తెచ్చాక ప్లగ్ పెట్టే ముందు మీ గదిలో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పవర్ సప్లైలో కరెంటులోని అలజడిని వడకట్టే కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీకి చేరుతుంటుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే ఇనుప క్యాబినెట్ మీద పెయింట్ లేని స్క్రూను ముట్టుకోగానే వేలికి చిమచిమలాడుతుంది. మూడు కన్నాల ప్లగ్ ఉన్నా వెనక ఎర్త్ తీగ లేకపోవడం పాత ఇళ్లలోనే కాదు, చాలా ఫంక్షన్ హాళ్లలోనూ చూశాను. ముందు ఆ తీగ వేయించుకోండి, తరువాతే ప్లగ్ పెట్టండి.