ఎండకు గుండె కండరం ఎండిపోతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు అరవై దాటాయి, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడతాడు. ఏప్రిల్ ఎండల్లోనూ చీనీ తోట వదిలి రాడు. మొన్న కళ్లు తిరిగి కూలబడితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ గ్లాసు నీళ్లలో కలిపి తాగించాం. ఒంట్లో నీరు తగ్గితే గుండె కండరమూ ఎండిపోతుందని మా అన్న విటమిన్ ఇ మాత్రలు తెచ్చాడు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: మాత్రల సంగతి తర్వాతమ్మా, ముందు ఆ గ్లాసు సంగతి. లీటరు నీళ్ల ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే నాలుగైదు రెట్లు చిక్కనవుతుంది. పలచగా ఉంటేనే పేగు నీటిని బాగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓఆర్‌ఎస్ గాఢతను (లీటరుకు మిల్లీఆస్మోల్‌లలో) 311 నుంచి 245కు తగ్గిస్తే, మనం ఇలా కలుపుతున్నాం!

మీ అన్న మాటలో సగం నిజముంది. చెమటలో ఉప్పు కంటే నీరే ఎక్కువ పోతుంది కాబట్టి రక్తం చిక్కబడుతుంది, గుండె కణంలోని నీరు బయటికొచ్చి కణం కుంచించుకుపోతుంది. అయితే అది ఊరికే ఉండదు, సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను లోపలికి లాక్కుని వాటి వెంట నీటినీ తెచ్చుకుంటుంది. అదే చెమట పట్టినవాళ్లు ఉత్త నీళ్లే చెంబులు చెంబులు తాగితే, అందులోనూ మీ నాయనలా ఆ మాత్ర వేసుకునేవాళ్లయితే, రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కిందికి పడిపోయి కణం ఉబ్బొచ్చు. అప్పుడు క్లోరైడ్‌నూ, టారిన్ అనే పదార్థాన్నీ బయటికి వదిలి మామూలు సైజుకు రావాలని చూస్తుంది.

గుండె కణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాలే, అంటే కణానికి శక్తిని తయారుచేసే భాగాలు. అవి ఆక్సిజన్ వాడుకునేటప్పుడు నిప్పురవ్వల్లాంటి అణువులు పుడుతుంటాయి, వాటిని కణంలోని ఎంజైములు, గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు ఆర్పేస్తాయి. కణం ఇలా కుంచించుకుపోవడమో ఉబ్బడమో తోడైతే ఈ రవ్వలు పెరుగుతాయి, మరీ మితిమీరితే మైటోకాండ్రియా పొరకు రంధ్రం పడి కణం చస్తుంది. పోయిన గుండె కణం స్థానంలో కొత్తది రావడం చాలా అరుదు, పాతికేళ్ల వయసులోనే ఏడాదికి ఒక శాతం, ముసలితనంలో అందులో సగం.

మరి ఆ రవ్వల్ని ఆర్పుతుందని పేరున్న విటమిన్ ఇ? వద్దు. గుండె జబ్బో షుగరో ఉండి 55 దాటినవాళ్లకు రోజుకు 400 యూనిట్లు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు, లాభం లేదు, పైగా 2005లో వచ్చిన ఫలితాల్లో హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువ కనిపించింది. ఆ రవ్వలు కొద్దిగా ఉంటే కణానికి సంకేతాలుగానూ పనికొస్తాయి మరి.

కళ్లు తిరిగి పడ్డాడంటే ఎండ దెబ్బేనని తేల్చేయకండి. బీపీ కూర్చోబెట్టీ నిలబెట్టీ చూపించండి, ఈసీజీ, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. బీపీ మాత్ర డోసు మార్చాలో లేదో డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపొద్దు. ఈలోపు పదకొండు కొట్టేసరికి ఆయన్ని తోటలోంచి ఇంటికి పిలుచుకురండి, తిట్టినా సరే.