చేతికొచ్చిన 38 లక్షలతో ఇంటి లోను తీర్చేయాలా?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో 16 ఏళ్లు పనిచేశాను. డెలివరీ మేనేజర్‌గా ఉండగా లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. ప్యాకేజీ 42 లక్షలు ఉండేది. గ్రాట్యుటీ, సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే పరిహారం) అన్నీ కలిపి 38 లక్షలు వచ్చాయి. ఇంటి లోను ఇంకా 34 లక్షలుంది, ఈఎంఐ 52 వేలు. ఇంటి ఖర్చు నెలకు 75 వేలు, అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలు. లోను తీర్చేసి టెన్షన్ లేకుండా ఉద్యోగం వెతుక్కోవచ్చా? 27 లక్షలకు ఒక ఆఫర్ ఉంది కానీ మనసొప్పడం లేదు.

జవాబు: లోను జోలికి ఇప్పుడు వెళ్లకండి. తీర్చేస్తే మిగిలేది 4 లక్షలు. ఈఎంఐ లేకపోయినా ఫీజుతో కలిపి నెలకు 96 వేలు కావాలి కదా, నాలుగు నెలలకే చేయి ఖాళీ. అప్పుడు అప్పు కావాలన్నా పే స్లిప్ లేనివారికి బ్యాంకులు అంత తేలిగ్గా ఇవ్వవు. తీర్చకుండా ఉంచుకుంటే ఈఎంఐ కడుతూనే రెండేళ్లకు పైగా గడుస్తుంది. మీ స్థాయి ఉద్యోగాలు ఎక్కువగా పాత క్లయింట్లు, పాత మేనేజర్లు రిఫర్ చేస్తేనే కదులుతాయి. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక కూడా బడ్జెట్ అప్రూవల్ దగ్గర నెలల తరబడి ఆగిపోతాయి. అన్నాళ్లు కంగారు పడకుండా నిలబడటానికే ఈ డబ్బు. ఎఫ్‌డీల్లో పెట్టండి, అదీ ఒకే చోట కాకుండా వేర్వేరు బ్యాంకుల్లో. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే. షేర్ల ఊసు వద్దు.

ఇక ఆఫర్. 42 చూసినవారికి 27 చిన్నతనంగానే ఉంటుంది. కానీ జీతాన్ని పాత ప్యాకేజీతో కాదు, మీ ఖర్చుతో పోల్చండి. ఈఎంఐతో కలిపి మీకు నెలకు కావలసింది 1.48 లక్షలు. 27 లక్షలూ ఫిక్స్‌డ్ అయితే పీఎఫ్, పన్ను పోను దాదాపు 1.75 లక్షలు చేతికొస్తుంది. అందులో 4 లక్షలు వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) అయితే ఒకటిన్నర లక్షకు దిగుతుంది, అంటే బొటాబొటి. హెచ్‌ఆర్‌తో బేరం ఆడాల్సింది ఇక్కడే: మొత్తం పెంచకపోయినా ఫిక్స్‌డ్ భాగం పెంచమనండి, నోటీస్ పీరియడ్ తగ్గించమనండి. ఫిక్స్‌డ్ 25 దాటితే నేనైతే చేరమంటాను.

పీఎఫ్ తీయకండి, అదే యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి మార్చుకోండి. గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కు 25 లక్షల దాకా పన్ను మినహాయింపు ఉంది. ఆ రెండింటినీ సెవరెన్స్‌లో కలిపేసి టీడీఎస్ కోశారేమో ఫారం 16లో చూసుకోండి.

అన్నిటికన్నా ముందు ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. దాన్ని సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో ఆ బీమా కంపెనీని అడగండి, లేదంటే కొత్తగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి దీనిపై జీఎస్టీ కూడా లేదు. ఆఫర్ సంగతి తేలేదాకా ఆగకుండా ఈ వారంలోనే ఆ పని చూడండి.