మిలేడీకి శిక్ష ఎక్కడ పడిందంటే…

'ది త్రీ మస్కటీర్స్' సినిమాలో నవల రెండో సగం కనిపించలేదు, ప్రింటులో కత్తిరించేశారా అని అడిగారు కదా. మీరు చూసిన ప్రింటులో తేడా ఏమీ లేదండి, ఎవరూ ఏమీ కత్తిరించలేదు. 1973 నాటి 'ది త్రీ మస్కటీర్స్' రాణిగారి వజ్రాల గొడవ తీరగానే అయిపోతుంది. నవల చదివాక చూశారు కాబట్టి ఫ్రాన్స్ రేవు పట్టణం లా రోషెల్ ముట్టడి ఏది, కథలో ప్రతినాయిక మిలేడీకి శిక్ష ఏది అని మీకు అనుమానం వచ్చింది. ఆ మిగతా సగమంతా 1974లో వచ్చిన 'ది ఫోర్ మస్కటీర్స్'లో ఉంది. పేరు చూసి కొత్త కథేమో అని వదిలేయకండి. అది కూడా ఫ్రెంచి రచయిత డ్యూమా రాసిన ఆ 1844 నవలే.

అసలు సంగతేంటంటే, దర్శకుడు రిచర్డ్ లెస్టర్ స్పెయిన్‌లో అంతా ఒకే విడతగా తీశాడు. నిర్మాతలు సాల్కిండ్‌లు దాన్ని రెండు సినిమాలుగా విడదీసి విడుదల చేశారు. పారితోషికం మాత్రం ఒక్క సినిమాకే! నటులు ఊరుకుంటారా, కోర్టుకెక్కారు. ఒక ఒప్పందంతో రెండు సినిమాలు చేయకుండా ఆ తర్వాత హాలీవుడ్ కాంట్రాక్టుల్లో చేరిన షరతుకు 'సాల్కిండ్ క్లాజు' అనే పేరు వచ్చింది.

రెండోదానిలో నవ్వులు తక్కువ, విషాదం ఎక్కువ. మస్కటీర్లలో (రాజుగారి తుపాకీ సైనికుల్లో) ఒకడైన ఆథోస్‌గా ఆలివర్ రీడ్, మిలేడీగా ఫే డనవే ఎదురుపడే సన్నివేశాల కోసమైనా చూడాలి (నాకైతే మొదటిదానికంటే ఇదే ఇష్టం). వీలైతే రెండూ వరసగా ఒకే రోజు పెట్టుకోండి. 1989లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది మస్కటీర్స్' మాత్రం ఇంకో నవలది, 20 ఏళ్ల తర్వాతి కథ. దానికి ఇప్పుడే తొందరేం లేదు.