నా బరువు 115 కిలోలు. 150 సీసీ బండి మీద నేర్చుకోవచ్చా?

నిక్షేపంగా నేర్చుకోవచ్చు. నేను 112 కిలోలు ఉన్నప్పుడు అలాంటి బండి మీదే నేర్చుకున్నాను. ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను.

అందరూ మిమ్మల్ని మొదటే 400 సీసీ బండి తీసుకోమంటున్నారని ప్రశ్నలో రాశారు. ఆ అందరిలో వంద కిలోలు దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. నాకు సలహా ఇచ్చినవాళ్లంతా అరవై, అరవై ఐదు కిలోల బక్కపలచని మనుషులే. "నీ పర్సనాలిటీకి ఈ బండి ఏం ఆనుతుంది?" అని ఒకరు, "నువ్వు కూర్చుంటే కింద బండి ఉందో లేదో కూడా తెలియదు" అని ఇంకొకరు. వీళ్లు మాట్లాడుతున్నది చూడటానికి ఎలా ఉంటుందన్న సంగతి. అది బండి మోస్తుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు కాదు. బండి నడిపేటప్పుడు మనం ఎలా కనిపిస్తున్నామో మనకు ఎలాగూ కనపడదు కదా.

మోస్తుందా లేదా అన్నదానికి జవాబు బండి మాన్యువల్‌లోనే ఉంటుంది. మొత్తం అనుమతించిన బరువు ఎంతో, బండి సొంత బరువు ఎంతో చూడండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే బండి మోయగల బరువు. చిన్న బండ్లలో చాలావాటికి అది 130 నుంచి 180 కిలోల మధ్య ఉంటుంది. అందులో మీరు, మీ హెల్మెట్, బూట్లు, బ్యాగు అన్నీ రావాలి. మీకు ఇవన్నీ కలిపి 125 అనుకున్నా చాలా బండ్లలో ఇంకా చోటు ఉంటుంది. వెనక ఇంకో మనిషిని ఎక్కించుకోవాలంటే మాత్రం కుదరకపోవచ్చు, ఆ ఆలోచన ఉంటే ముందే లెక్క వేసుకోండి. ఒక్కరే కూర్చునే సీటున్న బుల్లి బండ్లకు ఈ అంకె బాగా తక్కువ ఉంటుంది, వాటి జోలికి వెళ్లకండి.

నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం ఒకటుంది. ఇదే 150 సీసీ బండి మీద ఇద్దరు వెళ్తుంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు. అరవై కిలోల వాళ్లు ఇద్దరు ఎక్కితే 120. నేనొక్కణ్ణే ఎక్కితే 112. పైగా వెనక కూర్చున్నవాళ్ల బరువు దాదాపు వెనక చక్రం ఇరుసు మీదే పడుతుంది. నా బరువు కాస్త ముందుకు, రెండు చక్రాల మధ్యకు వస్తుంది. అంటే ఆ ఇద్దరి కన్నా నేనే బండికి నయం. అయినా "బండికి కష్టం కదా పాపం" అన్న మాట పడేది నాకే. హోండా సూపర్ కబ్ 1958లో వచ్చింది, 2017కల్లా పది కోట్ల బండ్లు తయారయ్యాయి. మనుషులు దాని మీద సామాన్లు, సంసారాలు అన్నీ మోశారు. చిన్న ఇంజను అంటే బలహీనమైన బండి అనుకునేవాళ్లు దాని సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అయితే బండి మోయడం వేరు, కొన్నది కొన్నట్టు మనకు సరిగ్గా కుదరడం వేరు. షాక్ అబ్జార్బర్లలో స్ప్రింగులు వేసేటప్పుడు కంపెనీవాళ్ల ఊహలో ఉండే మనిషి మనకన్నా చాలా తేలిక. కొత్తలో నా బండి స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక ధడ్‌మని కొట్టేది. మలుపులో నేను అనుకున్న దారికన్నా బయటికి జరిగేది. హ్యాండిల్ తేలిగ్గా, ముందు చక్రం నేలను సరిగ్గా పట్టుకోనట్టు అనిపించేది. "చెప్పాం కదా, నీ బరువుకి చిన్న బండి ఆగదని" అనడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. మా బావమరిది ఒక్కడే టేపు పట్టుకుని వచ్చాడు.

వాడు కొలిచిన పద్ధతి చెప్తాను, మీరూ చేసుకోవచ్చు. ముందు బండి వెనక భాగం పైకి లేపి చక్రం గాల్లో వేలాడేట్టు చేశాడు. ఇరుసు నుంచి దానికి సరిగ్గా పైన సీటు కింద ఒక చోటికి కొలిచి, అక్కడ చిన్న టేపు ముక్క అంటించాడు. "అక్కా, నువ్వు హ్యాండిల్ పట్టుకో" అని మా ఆవిణ్ణి ముందు నిలబెట్టాడు. నన్ను జాకెట్, హెల్మెట్ వేసుకుని మరీ ఎక్కమన్నాడు. నేను ఎక్కి, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చున్నాను. మా ఆవిడ ఒకవైపు నవ్వు ఆపుకుంటూ, ఇంకోవైపు బండి పడకుండా బిగించి పట్టుకుంది. "బావా, ఊపిరి బిగబడితే బరువు తగ్గదు, మామూలుగా కూర్చో" అంటూ వాడు కింద పడుకుని మళ్లీ కొలిచాడు. తేడా 63 మిల్లీమీటర్లు. ఆ వెనక చక్రానికి ఉన్న మొత్తం కదలికే 120. అంటే రోడ్డు మీద ఒక్క గుంత కూడా రాకముందే నేను సగం కదలికను కూర్చోవడంతోనే వాడేశాను. ఇంక గుంత వస్తే అది కొట్టకుండా ఏం చేస్తుంది? మనిషి కూర్చున్నాక మొత్తం కదలికలో మూడో వంతు దాకా దిగితే సరిపోతుంది. నా బండికైతే అది సుమారు 40.

వెనక షాక్ మీద మెట్లు మెట్లుగా ఉండే ఒక రింగు ఉంటుంది. స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో దాంతో మార్చుకోవచ్చు, అలా నొక్కి ఉంచడాన్నే ప్రీలోడ్ అంటారు. కంపెనీ ఆ రింగును రెండో మెట్టులో పెట్టి ఇచ్చింది. కొక్కెంలా ఉండే స్పానర్ టూల్ కిట్‌లోనే ఉంటుంది. వాడు దాంతో రింగును చివరిదైన ఐదో మెట్టుకు తిప్పాడు. మళ్లీ ఎక్కితే తేడా 47కు వచ్చింది. "ఇంతే వస్తుంది బావా, ఇది స్ప్రింగును గట్టిచేయదు, బండిని పైకి లేపుతుందంతే. మిగతాది కావాలంటే గట్టి స్ప్రింగు వేయించాలి" అన్నాడు. ఆ 47తోనే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ధడ్ శబ్దం పోయింది, మలుపుల్లో బండి చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. తర్వాత గట్టి స్ప్రింగు వేయించాక 38కి వచ్చింది. రింగు తిప్పడానికి పట్టింది కాసేపే. ఆ కాసేపటి పనికి బదులు నాకు అందరూ చెప్పిన మందు ఏమిటంటే, బండి మార్చేయమని!

వెనక భాగం దిగితే హెడ్‌లైట్ పైకి లేస్తుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. ప్రీలోడ్ సరిచేశాక లైటు ఎత్తు కూడా చూసుకోండి. చైన్ కూడా అంతే. ఖాళీ బండి మీద వదులు సరిగ్గా ఉన్నా, మీరు కూర్చుని వెనక చక్రం పైకి వచ్చాక బిగుసుకుంటుంది. మీరు కూర్చున్నప్పుడు ఇంకొకరిని కింద నుంచి వేలితో నొక్కి చూడమనండి, కాస్తైనా ఆడాలి. టైరు గాలి సంగతికి వస్తే, ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరులో ఎంత పెట్టాలో మాన్యువల్లో విడిగా రాసి ఉంటే అదే మనకు వర్తిస్తుంది. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకెకు కూడా అర్థముంది. 57 అని ఉంటే 230 కిలోలు, 66 అని ఉంటే 300 కిలోల వరకు ఆ టైరు మోస్తుంది. టైరు మార్చేటప్పుడు పాతదానికన్నా తక్కువ అంకె ఉన్నది వేయనివ్వకండి.

పికప్ తగ్గదా అంటే తగ్గుతుంది, కాదనను. బండి 150 కిలోలు, మనిషి 70 అయితే మొత్తం 220. మనిషి 110 అయితే 260. కదిలించాల్సిన బరువు 18 శాతం పెరిగింది. సిగ్నల్ దగ్గర పక్కవాడు ముందు వెళ్తాడు, వెళ్లనివ్వండి. సమతలం మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు మాత్రం ఇంజను ప్రధానంగా పోరాడేది గాలితోనే, మన బరువుతో కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏమవుతుందో లెక్క వేసి చూశాను. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎక్కే దారిలో 60 వేగంతో వెళ్లాలంటే, ఆ అదనపు 40 కిలోలకు కావలసింది సుమారు అర కిలోవాటు. అంటే 0.7 హార్స్‌పవర్. 150 సీసీ బండ్లు మామూలుగా పన్నెండు, పద్నాలుగు హార్స్‌పవర్ ఇస్తాయి. ఒక గేరు తగ్గించుకుంటే సరిపోయేదానికి ఇంజను సైజు రెండింతలకు పైగా చేయమంటారు. దిగేటప్పుడే జాగ్రత్త కావాలి. బరువు ఎక్కువైతే బ్రేకులు మింగాల్సిన వేడి ఎక్కువ. పెద్ద దిగుడులో బ్రేకు నొక్కి ఉంచకుండా చిన్న గేరులో దిగండి.

ఇక పెద్ద బండి మీదే నేర్చుకుంటాను అంటారా? బరువున్నవాళ్లకు బలం కూడా ఉంటుందని జనం అనుకుంటారు. పక్కకు ఒరిగిన 200 కిలోల బండిని ఆపేది మన పొట్ట కాదు, కాళ్లూ నడుమూ. నేర్చుకునే మనిషి బండిని ఒరగేసేది వేగంలో కాదు, నడక వేగంలో. యూ టర్న్‌లో, ఇసుక మీద కాలు పెట్టినప్పుడు, ముందు బ్రేకు గబుక్కున పట్టినప్పుడు. అప్పుడు మన బరువు కూడా ఒరిగిన వైపే లాగుతుంది. అందుకే నేను గట్టిగా చెప్తాను, లావుగా ఉన్నవాళ్లే ముందు తేలిక బండి మీద నేర్చుకోవాలి. నాకు తెలిసిన సన్నటి కుర్రాడొకడు పెద్ద బండితో మొదలుపెట్టి, దాన్ని పడేసి, ఇప్పుడు స్టార్ట్ చేయాలంటేనే టెన్షన్ పడుతున్నాడు.

బరువు కన్నా ఎత్తు చూసుకోండి. ఆరడుగులు దాటితే చిన్న బండి మీద మోకాళ్లు బాగా మడవాల్సి వస్తుంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే మోకాలికి తగులుతుంది. అది ప్రీలోడ్‌తో పోదు. కొనేముందు ఎక్కి, హ్యాండిల్ అటు చివరికి ఇటు చివరికి తిప్పి చూడండి.

బండి దొరకడం పెద్ద కష్టం కాదు. మన కొలతకు సేఫ్టీ జాకెట్ దొరకడమే అసలు కష్టం. ఎక్స్ఎల్ అని రాసి ఉన్నది నా భుజాల దగ్గరే ఆగిపోతుంది. జిప్ పడే సైజు తీసుకుంటే చేతులు పొడుగై, మోచేతి ప్యాడ్ ముంజేతి మీదికి జారుతుంది, పడితే దానివల్ల ఉపయోగం లేదు. పొట్ట ఉన్న మనుషులు బండి నడపరని వీళ్లకు ఎవరు చెప్పారో! పక్కల పట్టీలతో వదులు చేసుకునే రకం వెతకండి. వేసుకుని, బండి మీద కూర్చుని, చేతులు ముందుకు చాపాక కూడా ప్యాడ్ మోచేతి మీదే ఉందో లేదో చూసి తీసుకోండి.