అరోరా కోసం బయల్దేరే ముందు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

అరోరా, అంటే రాత్రి ఆకాశంలో ఉత్తరాన ఆడే ఆ రంగుల వెలుగు చూద్దామని, ఫోన్‌లో ‘కేపీ 6’ అని కనబడగానే కారు తీయకు తల్లీ. కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలపడిందో మూడు గంటలకోసారి తేల్చే లెక్క; అది పెరిగిందని తెలిసేసరికి ఆకాశంలో ఆట ముగిసిపోయి ఉండొచ్చు. నువ్వు చూడాల్సింది బీజెడ్. సౌరగాలితో (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహంతో) వచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగుందా, దక్షిణానికా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. మైనస్ అంటే దక్షిణానికి, మనకు కావాల్సింది అదే. అది మైనస్ 10 నానోటెస్లా దగ్గర అరగంటైనా నిలవాలి, గాలి వేగం సెకనుకు 500 కిలోమీటర్లు దాటాలి. బీజెడ్ ప్లస్‌లో ఉంటే వేగం 700 ఉన్నా మీ మినియాపొలిస్ వాళ్లకు మిగిలేది చలే.

ఈ అంకెలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపు ఎల్1 అనే చోటు దగ్గరున్న ఉపగ్రహాలు పంపుతాయి. (2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య ఉపగ్రహం కూడా అక్కడే ఉంది.) 500 వేగంతో ఆ గాలి మనల్ని చేరేది 50 నిమిషాల్లో, 800 అయితే అరగంటలో. అప్పుడు బయల్దేరితే దారిలోనే అయిపోతుంది. అందుకే నోవా (అమెరికా వాతావరణ సంస్థ) వాళ్లు జీ2 స్థాయి గానీ ఆపైన గానీ అయస్కాంత తుఫాను రావచ్చని ‘వాచ్’ ప్రకటించిన రోజు చీకటి పడేలోపే చోటు చేరుకో. సూర్యుడి మీది విస్ఫోటంలో ఎగసినది భూమిని ఎప్పుడు చేరుతుందో వాళ్లు చెప్పే వేళ చాలా గంటలు అటూ ఇటూ అవుతుంది. బీజెడ్ ఎటు తిరుగుతుందో ఎల్1 దాకా వస్తే గానీ ఎవరూ చెప్పలేరు.

చోటు విషయంలో చాలామంది పొరపడతారు. డులూత్ దాటి మిన్నెసోటా ఒడ్డున నిలబడితే సుపీరియర్ సరస్సు ఆగ్నేయాన ఉంటుంది, ఉత్తరాన కొండలూ చెట్లూ అడ్డం. విస్కాన్సిన్‌లో కార్నుకోపియా వైపు వెళ్లు, నీళ్ల మీదుగా ఉత్తరం తెరిచి ఉంటుంది.

మొదట కంటికి బూడిదరంగు మబ్బులా కనిపిస్తుంది. ఫోన్‌తో మూడు సెకన్ల ఫోటో తీయి, ఆకుపచ్చగా వస్తే అదే. కెమెరాకి ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8, ఆరేడు సెకన్లు పెట్టు. వేగంగా కదులుతుంటే రెండు సెకన్లకు తగ్గించు. ఆటోఫోకస్ ఆపేసి నక్షత్రాన్ని పెద్దది చేసి చూసుకుంటూ చేత్తో ఫోకస్ పెట్టు. లెన్స్ మీది యూవీ ఫిల్టర్ తప్పక తీసెయ్యి, లేకపోతే ఆ ఆకుపచ్చ వెలుగుకి ఫోటో మధ్యలో గుండ్రటి వలయాలు పడతాయి. రెండో బ్యాటరీ లోపలి జేబులో ఉంచు. వెచ్చటి గదిలోకి వచ్చేముందు బయటే కెమెరాని జిప్ సంచిలో మూసెయ్యి, అద్దం చెమర్చదు.

ఒకసారి వెలిగి ఆరిపోగానే వచ్చేయకు. బీజెడ్ ఇంకా మైనస్‌లో ఉంటే గంటా రెండు గంటల్లో మళ్లీ రావచ్చు.

పెదనాన్న